కోతపండుగలో కందుల సంచి

నా కూతురికి ఆటిజం. ఇరవై దాటిన మనిషి, మాటలు తక్కువ. చర్చిలో మైకు మోగితే చెవులు మూసుకుని బయటికి పరుగు తీస్తుంది, వెనకాల నేను. మా ఆయన ఉన్నప్పుడు ఒకరం దాని వెంట పోతే ఒకరం ఆరాధనకు కూర్చునేవాళ్ళం. ఆయన పోయాక నాకు ఆఖరి ఆమెన్ వినే రాత లేకుండా పోయింది. ఒక్క ఆదివారమైనా చివరిదాకా కూర్చోవాలని నా ఆశ.

వైద్యం చెప్పనివాళ్ళు లేరు. గాడిదపాలు పట్టమంది ఒకామె. అరికాళ్ళకు ఆముదం రాయమంది ఇంకొకామె. రాస్తే పిల్ల జారింది, పట్టుకోబోయి నేనూ జారాను. మార్కాపురంలో థెరపీ చేసే అమ్మాయి మాత్రం, "ఇది నయం చేసే మందు కాదమ్మా. ఒళ్ళో బరువుంటే కొందరికి నెమ్మదిగా ఉంటుంది. తనకు నచ్చకపోతే తీసెయ్," అంది.

పాత చీర చించి సంచి కుట్టి, నిండా కందులు పోశాను. నా కూతురు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ మీద నుంచే గింజలు నలుపుతూ కదలకుండా కూర్చుంది. ఆ ధైర్యంతో ఆదివారం చర్చికి తీసుకుపోయాను.

తీరా చూస్తే ఆరోజు కోతపండుగ. పంటలో తొలి భాగం తెచ్చి దేవుడికిస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాటకు అందరం లేచాం. పిల్ల సంచిని చాప మీద పెట్టి లేచింది. సంఘపెద్ద అది మా కానుకనుకుని ఎత్తుకుపోయి గుమ్మడికాయల పక్కన పెట్టేశాడు.

"ఓ తమ్ముడా! అది కానుక కాదు, పిల్ల వైద్యానికి!"

"కందులతో వైద్యమేందక్కా? దేవునికిచ్చి మళ్ళ అడుగుతావా?"

మేమిట్లా వాదులాడుతుండగానే నా కూతురు నడిచిపోయి, గుమ్మడికాయలకూ కాళ్ళు కట్టిన కోడిపుంజుకూ మధ్య చోటు చేసుకుని కూర్చుంది. సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"లెయ్యి తల్లీ, అది తర్వాత వేలం వెయ్యాల," అన్నాడు పెద్ద.

"నాది."

వెనక నుంచి మా ఆడబిడ్డ, "వదినా, పిల్లను గూడా వేలం పాడతారేమో చూసుకో!" అంది. చర్చంతా నవ్వు. పెద్ద కూడా నవ్వి, "ఉంచుకో తల్లీ, దేవుడు పప్పు లేకుండానే సర్దుకుంటాడులే," అన్నాడు.

ప్రసంగం మొదలైంది. మైకు కీచుమంటే పిల్ల ఒక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది, రెండో చెయ్యి సంచి మీదే. లేవలేదు. ఆఖరి ఆమెన్ నా చెవులారా విన్నాను. నేనూ ఆమెన్ అన్నాను, నా గొంతు మోతకు కోడిపుంజు ఉలిక్కిపడింది.

వేలం ముగిసింది, జనం పోయారు. పిల్ల మాత్రం కదిలితేనా!

"అక్కా, తాళం వేసుకోవాల," అన్నాడు పెద్ద.

"వేసుకో తమ్ముడా," అన్నాను. "మేము లోపల్నే ఉంటాం."