నాయనమ్మ పిడికిలి

కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంట్ వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపుంది. నీళ్ల ట్యాంకర్ రాలేదన్న గొడవలకూ, మారిపోయిన చెప్పుల ఫొటోలకూ తప్ప దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పోయిన వారం అందులో ఒక కొత్త నిబంధన వచ్చింది. ఇళ్లలో పనిచేసేవాళ్లు బయటికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర సంచి విప్పి చూపించాలట. అందరూ బొటనవేలు గుర్తులు పెట్టి ఊరుకున్నారు. నేను పైకి చదువుతుంటే మా అమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమెకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు.

అప్పట్లో మేం పటాన్‌చెరులో ఉండేవాళ్లం. నాన్న మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు, అమ్మ బడిలో లెక్కల టీచరు, నేను కాలేజీలో చదివేదాన్ని. ఇల్లు కనిపెట్టుకుని ఉండేది నాయనమ్మే. ఆమెకొక అలవాటు. ఏ పూట వండినా, ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యాన్ని చర్చికి పట్టుకెళ్లి, ఆరాధనకు ముందే పక్కగదిలో, లేనివాళ్ల కోసం పెట్టిన గంపలో పోసేది. మా సంఘంలో పాతకాలం ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. అమ్మకు దాని మీద అంత గురి లేదు. నెలకోసారి కవర్లో కానుక వేస్తే సరిపోదా అనేది. "కవరు నువ్వెయ్యి బిడ్డా, గంప సంగతి నేను సూస్కుంట" అనేది నాయనమ్మ. అమ్మ మొహం ముడుచుకునేది, నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు.

మా ఇంట్లో వంట, గిన్నెలు చూసే ఆమెను నేను అక్కా అనేదాన్ని. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో ముత్తంగిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. మా చర్చికే వచ్చి వెనక వరుసలో కూర్చునేది. నాయనమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయి, కుడివైపు చచ్చుబడ్డాక, ఒళ్లు తుడవడం, జావ తాగించడం, జడ వేయడం అన్నీ అక్కే. పని చేస్తున్నంతసేపూ వీధిలో కబుర్లన్నీ ఆమెకు చెప్పేది. మా ఇంట్లో వాదన లేని స్నేహం అదొక్కటే అని నాన్న అనేవాడు.

ఒక శనివారం సాయంత్రం, పని ముగించుకుని వెళ్తున్న అక్క కొంగు చాటున ఏదో బరువుగా ఉండటం అమ్మ కంటపడింది. బియ్యం బస్తా తొందరగా అడుగంటుతోందని అప్పటికే సణుగుతోంది. కొంగు తీయించి చూస్తే గుడ్డసంచి నిండా బియ్యం.

"ఏంది గిది?" అంది అమ్మ.

"అవ్వ బియ్యం, టీచరమ్మా. రేపు చర్చిల పోస్త. మంచాన పడకముందు అవ్వనే చెప్పింది, నా బదులు నువ్వు తియ్యమని."

"మాట పడిపోయిన మనిషిని సాక్ష్యం తెస్తున్నవా? అడిగితే చెప్పదని ధైర్యమా?"

మంచం మీద నాయనమ్మ గట్టిగా మూలిగింది. బాగున్న ఎడమచేతిని లేపి, పిడికిలి బిగించి ఊపింది. మళ్లీ ఊపింది. "సూడు, అవ్వకు గూడ ఎంత కోపమొచ్చిందో" అంది అమ్మ. చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపించేది. అక్క ఒక్కతే ఆ పిడికిలి వైపు చాలాసేపు చూసి, సంచి గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది. ఇళ్లలో పనిచేసే మనిషికి పేరే బతుకుదెరువు. ఆ గొడవ గోడ అవతలివాళ్లు విన్నారు. మా వీధిలో ఆమె పనిచేసే మిగతా ఇళ్లవాళ్లు కూడా ఒక్కొక్కరుగా మానిపించారు.

కొన్ని వారాల తర్వాత, చర్చిలో బియ్యం పోగుచేసే పెద్దావిడ నాయనమ్మను చూడటానికి వచ్చింది. ప్రార్థన చేసి, టీ తాగుతూ అడిగింది. "మంచంల పడ్డా మీ అత్తమ్మ బియ్యం ఒక్క ఆదివారం ఆగలే. మీ పనామె తెచ్చి, గిది అవ్వది అని చెప్పి పోసేది. తనది మళ్ల వేరే పోసేది. ఇప్పుడు అవ్వ బియ్యం వస్తలేవు, ఆమె గూడ కనవడ్తలేదు. ఏమన్న పరేషానా?"

అమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్లి కాసిని బియ్యం తెచ్చి నాయనమ్మ ఎడమచేతిలో పోసింది. నాయనమ్మ పిడికిలి మూసి, ఆ రోజు ఊపినట్టే ఊపింది. గింజలు దుప్పటి మీద రాలాయి. కోపం కాదది, బియ్యం. అమ్మ మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఆ సాయంత్రమే ఇద్దరం ఆటోలో ముత్తంగి వెళ్లాం. అక్క ఒక గోదాములో ఊడ్చే పనికి కుదిరిందట, అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. తప్పయింది, మళ్లీ పనికి రమ్మంది అమ్మ.

"మీరడిగిండ్రు, నేను చెప్పిన. నమ్మలే. ఇయ్యాల ఇంకొకామె చెప్తే నమ్మిండ్రు" అంది అక్క. "ఇగ మీ ఇంట్ల ఏ డబ్బా మూత తీసినా నాకు భయమే, టీచరమ్మా. పనికి రాను. అవ్వను సూడనీకి వస్త."

కోపంగా అనలేదు. కోపపడి ఉంటే అమ్మకు కొంత తేలికయ్యేది. మా వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి, తప్పు తనదేనని అమ్మ తన నోటితోనే చెప్పింది. అందరూ తలలూపారు గానీ, ఎవరూ అక్కను తిరిగి పిలవలేదు. అక్క మాత్రం అన్నమాట ప్రకారం నాయనమ్మ పోయేదాకా ఆదివారాలు వచ్చి, జడ వేసి, కబుర్లు చెప్పి వెళ్లేది. మా ఇంట్లో టీ తాగేది గానీ వంటింటి గడప తొక్కలేదు.

ఇప్పుడు నేను కుక్కర్లో బియ్యం పోసే ముందు అమ్మ వచ్చి పిడికెడు తీస్తుంది. గింజలు జారితే తనే వంగి ఏరుకుంటుంది, నన్ను ముట్టనివ్వదు. ఆ నిబంధన వచ్చిన మర్నాటి నుంచి ఇంకో పని పెట్టుకుంది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి వెళ్లేటప్పుడు, ఆమె సంచి తన భుజానికి తగిలించుకుని, లిఫ్టులో దిగి గేటు దాకా వెళ్తుంది. ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్ "మాఁ జీ, రూల్ హై" అని నసిగాడట. "థైలీ మేరీ హై, దేఖో" అని, సంచి తనదేనంటూ అమ్మ చాపిందట. పాపం, అతను ఆకాశంలోకి చూశాడు. గేటు అవతల సంచి ఆ అమ్మాయికిచ్చి, మోకాళ్లు పట్టుకుంటూ తిరిగొస్తుంది. కాలం అమ్మ దగ్గరి నుంచి చూపునూ, నడకనూ, చదువు చెప్పిన పిల్లల పేర్లనూ ఒక్కొక్కటే ఎత్తుకుపోయింది. ఆ శనివారం సాయంత్రాన్ని మాత్రం ఆమె దగ్గరే వదిలేసింది.