మొదటి కాఫీ మా ఆయనకు

పొద్దున్నే షట్టరు ఎత్తేసరికే నాకు ఆ రోజు పనంతా అయిపోయినంత నీరసం వస్తుంది. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మా కాఫీ కొట్టు. పెద్దదేం కాదు. ఒక మెషిను, ఒక బల్ల, రెండు బెంచీలు, గల్లాపెట్టె ముందు మా ఆయన. మోకాళ్ళ నొప్పులు నాకు. ఆయనకు ఏ నొప్పీ లేదు. అయినా అటూ ఇటూ తిరిగేది నేను, కూర్చునేది ఆయన. ఏం చేస్తాం, నా తలరాత.

స్విచ్చి వేయగానే కాఫీ ఇచ్చే మెషిను కాదు ఇది. దాని కడుపులో రాగి బాయిలరు ఉంటుంది, అందులో వేడి కాయిలు. నీళ్ళు మరిగి, ఆవిరి కట్టి, ముందున్న మీటరులో ముల్లు పచ్చగీత దాకా పాకడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ స్టూలు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటాను. రోజు మొత్తంలో నా కాళ్ళకు దొరికే సుఖం అదే. ముల్లు ఇంకాస్త నిదానంగా లేస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

నెల్లూరులో మూతబడిన ఒక కొట్టు నుంచి దీన్ని పాతది కొన్నాం. నేనే పట్టుబట్టాను. ఆయన మొదటినుంచీ వద్దన్నాడు. "చేజర్ల నుంచి వచ్చినోడు టీ తాగుతాడు గానీ, నీ ఎస్‌ప్రెస్సో ఎవుడు తాగుతాడే?" అన్నాడు. పూర్తిగా తప్పన్నాడని చెప్పలేను. మొదటివారంలో కలువాయి రైతొకాయన చిన్న కప్పులోకి తొంగి చూసి, "ఏందమ్మా ఇది, దగ్గుమందా?" అన్నాడు. మా వైపు ఎస్‌ప్రెస్సో అంటే పెళ్ళిళ్ళలో బుస్సుమని నురగ పొంగించి ఇచ్చే కాఫీ. ఇక చేసేదేముంది, ఆ డికాక్షనునే గాజు గ్లాసులో వేడిపాలలో పోసి, చక్కెర వేసి ఇవ్వడం మొదలుపెట్టాను. అప్పుడు తాగారు. గిరాకీ పట్టింది. ఆర్డీవో ఆఫీసు వాళ్ళు, బద్వేలు బస్సుల డ్రైవర్లు, అందరూ వచ్చారు.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మెషినుతో పాటు పొడిని అదిమే దిమ్మ రాలేదు. మా పుట్టిల్లు ఉదయగిరి. అక్కడ చెక్క గరిటెలు, ఫోర్కులు చెక్కేవాళ్ళ దగ్గర మా అన్న ఒక దిమ్మ చేయించి పంపాడు. ఇప్పటికీ దానితోనే అదుముతున్నాను. నా అరచెయ్యి ఒరుసుకుని దాని పిడి నున్నగా అయిపోయింది.

ఆ ఉదయగిరిలోనే మా అవ్వ నీళ్ళు కాచే బిందె లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా పొర కట్టేది. అది తెలిసీ, మొదటి ఎండాకాలం మెషినులో బోరునీళ్ళే పోశాం. నెల్లూరు మెకానిక్కు వచ్చి విప్పి చూసి, "అమ్మా, ఇది బాయిలరు కాదు, సున్నపుబట్టీ" అన్నాడు. అప్పటినుంచి క్యాను నీళ్ళే. ఆ క్యానులు ఎత్తేదీ నేనే.

మెకానిక్కు విప్పినప్పుడే నాకు దాని గుట్టంతా తెలిసింది. బాయిలరులో నీళ్ళు కాఫీకి కావు. అవి ఆవిరికి. పైన చేరిన ఆవిరి పక్కనున్న సన్నగొట్టంలోంచి వచ్చి పాలు కాస్తుంది. ఆవిరి మరీ ఎక్కువైతే నెత్తిన ఒక వాల్వు తెరుచుకుని బయటకు వదిలేస్తుంది. నాకూ అలాంటిదొకటి ఉంటే మా ఆయన బతికిపోయేవాడు. కాఫీకి పోయే నీళ్ళు వేరు. మోటారు వాటిని తోస్తే, బాయిలరు మధ్యలోంచి పోయే గొట్టంలో వేడెక్కి, ముందుకు పొడుచుకొచ్చిన ఇత్తడి తలలోకి వస్తాయి. ఆ తలకు రబ్బరు రింగు, సన్నబెజ్జాల జల్లెడ ఉంటాయి. చివర చిన్న గిన్నె ఉన్న పిడిలో పొడి నింపి, దానికి బిగించి మీట నొక్కితే, నీళ్ళు గట్టి ఒత్తిడితో పొడిలోకి దిగి, అవతల చిక్కటి ధారగా పడతాయి. మీట ఆపగానే మిగిలిన ఒత్తిడి తుస్సుమని కిందిపళ్ళెంలోకి పోతుంది. పిడి తిప్పి తడితే పిప్పి గానుగచెక్కలాగా ఒకే బిళ్ళగా రాలుతుంది.

ఇంత యంత్రమూ చేసేది సగం పనే. మిగతా సగం చేసేది పక్కనే ఉన్న, గింజలు పొడి చేసే మర. అందులో రెండు పళ్ళచక్రాలు, వాటిని దగ్గరా దూరమూ చేసే ఒక రింగు. పొడి బరకైతే నీళ్ళు పరుగెత్తిపోయి కాఫీ పల్చగా, పుల్లగా ఉంటుంది. మరీ మెత్తనైతే నీళ్ళు దిగలేక దిగలేక చుక్కలుగా పడి, మాడుచేదు వస్తుంది. పడమటిగాలి తోలిన రోజు ఒక లెక్క, వాన కురిసిన మర్నాడు ఇంకో లెక్క. రోజూ మొదటి కాఫీ రుచి చూసి రింగు కొంచెం తిప్పుకోవాలి. మెషిను వేడి చూపడానికి ముల్లుంది. రుచికి ఏ ముల్లూ లేదు, నా ముక్కూ నాలుకే దిక్కు.

అవి రెండూ ఒక జ్వరంతో పోయాయి.

జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. గింజల సంచిలో తలపెట్టినా ఏమీ లేదు. అన్నం, చారు, కాఫీ, అన్నీ ఒకటే. నెల్లూరు డాక్టరు, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్కకు బస్సెక్కి నెల్లూరు దాకా పోవాలా? ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పేశాను, మెషిను అమ్మేద్దామని. వాసన తెలియనిదాన్ని, ఎవరికేం పోస్తున్నానో తెలియకుండా కాఫీకొట్టు ఎట్లా నడిపేది? ఒక్కరు బాగాలేదన్నా ఆ పూటే షట్టరు దించేస్తానన్నాను. అన్నానే గానీ, నా జీవితంలో నేను కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నది ఆ ఒక్కటే.

"నాకు నాలుక లేదా ఏందే?" అన్నాడు ఆయన. "పొద్దున మొదటి కాఫీ నాకియ్యి. తాగి చెప్తా."

ఆయన వంక పెట్టని మనిషి కాదు. మా పెళ్ళి భోజనాల్లోనే చారులో పులుపు చాల్లేదన్న ఘనుడు. అలాంటివాడు రోజూ మొదటి కాఫీ తాగి, "బాగుండాది. పో, పాలు తీసుకురా" అనడం మొదలుపెట్టాడు. ప్రతిరోజూ అదే మాట. ఒక్క వంకా లేదు. మొదట సంతోషించాను. తర్వాత అనుమానం వచ్చింది. ఆ తర్వాత విసుగొచ్చింది. ఈయన రుచే చూడటం లేదు, కుడితి పోసినా బాగుండాదంటాడు, ఈ కొట్టు మీద ఆశ వదిలేసుకున్నాడు అనుకున్నాను.

దానికి తోడు పాల గోల ఒకటి. నా జ్వరం తర్వాత, కొట్టుకే తెచ్చి పాలు పోసే మనిషిని మాన్పించాడు. బస్టాండు అవతల పాలకేంద్రంలో పాలు చిక్కగా ఉంటాయట, అవే తేవాలట. మొదటి కాఫీకి నిన్నటి పాలు సరిపెట్టి, ఆ తర్వాత నేను క్యాను పట్టుకుని బస్సుల మధ్య కుంటుకుంటూ పోవాలి.

"నువ్వు పోతే ఏంది? అరిగిపోతావా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"గల్లాపెట్టె ఎవురు చూస్తారు?"

"అంత పొద్దున గల్లాలో ఏముండాదయ్యా, చూడటానికి?"

"ముక్కు పోయినా ముక్కుమీద కోపం పోలేదే నీకు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా క్యాను తీసుకుని వెళ్ళాను.

నేను తిరిగొచ్చాక తీసే కాఫీ ధార చక్కగా పడేది. మొదటిది ఎట్లా పడినా, రెండోది తేనెలాగా జారేది. మెషిను బాగా వేడెక్కాక అదే సర్దుకుంటోంది కాబోలు అనుకున్నాను. భయంతో ఆ మర రింగు జోలికి నేను పోవడమే మానేశాను. తాగినవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. అట్లా నెలలు గడిచిపోయాయి.

రాత్రంతా వాన కురిసిన ఒకరోజు పొద్దున, మరలో పోద్దామని గింజల సంచి మూతి విప్పాను. ముక్కుకు ఏదో తగిలింది. నమ్మలేదు. మళ్ళీ తలపెట్టి పీల్చాను. వేయించిన గింజల వాసన! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయనకు చెప్పలేదు. ముందొకసారి ఇట్లాగే వచ్చిందనుకుని సంబరపడి, చివరికి భ్రమ అని తేలి ఏడ్చాను. అందుకని నోరు మూసుకుని పొడి నింపి, మా ఊరి దిమ్మతో అదిమి, పిడి బిగించి మీట నొక్కాను. ధార రాలేదు. నల్లగా చుక్కచుక్క పడింది. పాలు కలుపుతుంటేనే మాడువాసన కొట్టింది. గ్లాసు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, అక్కడే నిలబడ్డాను.

ఆయన ఒక గుక్క తాగాడు. క్షణం ఆగి మింగాడు. "బాగుండాది. పో, పాలు తీసుకురా."

గ్లాసు లాక్కుని నేనూ ఒక గుక్క తాగాను. ఛీ! నోరంతా చేదెక్కిపోయింది.

"ఇదా బాగుండేది? వేపాకు కషాయం మాదిరి ఉండాది గదయ్యా! మనుషులు తాగేదేనా ఇది?"

ఎదురు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా ముఖంలోకే చూశాడు.

"చేదు తెలిసిందా నీకు?"

"తెలిసింది."

"వాసనా?"

తల ఊపాను. ఆయన లేచాడు. మెషిను ఛాయలకే రాని మనిషి, నేరుగా మర దగ్గరికొచ్చి రెండువేళ్ళతో రింగును రవ్వంత తిప్పాడు. ఆ చెయ్యి తడుముకోలేదు. కొంచెం పొడి వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంకొంచెం తిప్పాడు.

"రోజూ నువ్వు పాలకు పోయినాక నా పని ఇదే. తిప్పి, ఇంకోటి తీసుకుని తాగి చూస్తా" అన్నాడు, నా వైపు చూడకుండా. "బాగలేదంటే ఆ పూటే షట్టరు దించేస్తానంటివి గదా. ఇంకేం చేసేది?"

స్టూలు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చాను. బస్సుల మధ్య కుంటుకుంటూ పోతూ ఆ మనిషిని ఎన్ని తిట్టుకున్నానో, అన్నీ గుర్తొచ్చాయి.

ఆయన తువ్వాలుతో నోరు తుడుచుకుని, పాలక్యాను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడ్చింది చాల్లే, లెయ్యి. ఇంక రోజూ పాలకు నేను పోతా. ఈ పాడు మొదటి కాఫీ నువ్వే తాగు."