సెలవులకు రుక్మాబాయి మాట

లాల్‌దర్వాజాలో పాలమ్మే రుక్మాబాయి ఒక గది కిరాయికి తీసుకుని అద్దె పుస్తకాలు పెట్టింది. గది అదే వాడలో ఉండే వైకుంఠానిది. వెనక సందులోని బర్రెల కొట్టం మాత్రం ఆమె సొంతం. చదివింది మూడో తరగతే. పుస్తకం తిరిగిచ్చేవాళ్లు కూర్చుని కథంతా చెప్పిపోవాలన్నది ఆమె షరతు. విన్న కథలను బట్టే ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పేది. వేసవి సెలవుల్లో అయితే పుస్తకంతో ఆగేది కాదు.

తొంభై ఏడులో పదో తరగతి పరీక్షలు రాసిన నీహారిక వచ్చింది.

“గీ దయ్యాల నవల తీస్కపో బిడ్డా. పగటీలి చదువు, రాత్రి చదివితే మీయమ్మను నిద్రపోనియ్యవ్. పొద్దుగూకే ముందర డాబా ఎక్కి పావురాలు ఎగిరేది చూడు. ఇగ సైకిల్ నేర్చుకో. చున్నీ నడుముకు కట్టు, అంతే.”

నీహారిక సైకిల్ అద్దెకు తీసుకుంది. పడింది, మోకాలు చెక్కుకుపోయింది. మర్నాడే వాళ్ల నాన్న జగన్నాథరావు వచ్చాడు. కోస్తా నుంచి బదిలీపై వచ్చిన ఆఫీసరు.

“మా అమ్మాయి సెలవుల్లో ఏం చేయాలో మేం చెప్పుకుంటామండీ. దానికి కోచింగ్ ఉంది.”

“చెప్పుండ్రి సార్. నేను చెప్పేది నేను చెప్త. నచ్చింది పిల్ల చేస్కుంటది.”

ఆయన వైకుంఠం దగ్గరికి వెళ్లాడు. సాయంత్రానికి వైకుంఠం గుమ్మంలో నిలబడ్డాడు. “అక్కా, మొగపోరగాళ్లకు ఇచ్చుకో. ఆడపిల్లలకు బంద్ చెయ్. లేకుంటే గది ఖాళీ చెయ్.”

“గింతదానికి లొల్లి ఏంది తమ్మీ? ఖాళీ చేస్త పో.”

ఆ రాత్రికే పుస్తకాలు కొట్టంలోకి చేరాయి, దాణా బస్తాల పైన. పాలకని ఆడపిల్లలను పంపడం ఆ వాడ అలవాటు. గిన్నెలతో వచ్చి, పుస్తకాన్ని చున్నీ కింద దాచుకుని వెళ్లేవాళ్లు. అందరూ ఆమె తెలివిని మెచ్చుకున్నారు. ఆమెకే ఒళ్లు మండింది.

“నా పుస్తకాలేమన్న దొంగసొమ్మా? దాస్కపోయేటట్టుంటే ఇయ్య” అంది.

పిల్లలు తగ్గారు. రెండు మూడు రోజులు బస్తాల మీద పుస్తకాలు కదల్లేదు. ఆమె కూడా మాట మార్చలేదు.

ఒక పొద్దున జగన్నాథరావు భార్య వెంకటలక్ష్మి గిన్నె పట్టుకుని వచ్చింది. వాళ్లింట్లో ప్యాకెట్ పాలే వాడతారు.

“మా అమ్మాయి చదివి చెప్పింది, ఆ దయ్యాల కథ. నాకూ ఏదైనా ఇవ్వండి. ఈయనకి పాలకొచ్చానని చెప్పాను.”

రుక్మాబాయి బర్రె పొదుగు కడుగుతూ తలెత్తలేదు. “గట్ల చెప్తే పాలే పోస్త. పుస్తకానికొచ్చిన అని చెప్తే పుస్తకమిస్త.”

వెంకటలక్ష్మి గిన్నెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. బర్రె తోకతో ఈగలను కొట్టుకుంటోంది.

“మా ఆయన నోరు మీకు తెలీదు.”

“ఎర్కనే తల్లీ. నా గది పోయింది గా నోటికే.”

వెంకటలక్ష్మికి నవ్వొచ్చింది. గిన్నె కొట్టం గట్టు మీదే వదిలేసింది. బస్తా మీది లావుపాటి నవల తీసుకుని, అట్ట పైకి కనబడేలా పట్టుకుని, వైకుంఠం అరుగు ముందునుంచే ఇంటిదారి పట్టింది.