దీపావళికి రాజీనామా, పంచమికి నౌకరి

అబిడ్స్‌లో నేను పనిచేసిన కంపెనీ ఫ్యాన్లు, వైర్లు, మోటార్లు అమ్మేది. బోర్డు మీద పేరు చివర 'లిమిటెడ్' అని ఉండేది కానీ లోపల నడిచేది సేటు మాట ఒక్కటే. పద్దెనిమిది మందిమి పనిచేసేవాళ్లం. ఇరవై మంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్ కట్టాలి కనుక, ఆ అంకె దరిదాపుకు కూడా పోకుండా, పని ఎంత పెరిగినా పంతొమ్మిదో మనిషిని సేటు ఎన్నడూ పెట్టుకోలేదు.

నేను బిల్లులు రాసేవాణ్ణి. ఏడో తరగతితో చదువు ఆగింది. లెక్కలు మాత్రం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. నాంపల్లి స్టేషను వెనక మా వాడలో ఎవరికి జీతం చీటీ అర్థం కాకపోయినా నా అరుగు మీదికే తెచ్చేవాళ్లు.

మా దుకాణంలో ఒక ఆచారం ఉండేది. దీపావళి నాడు లక్ష్మీపూజ అయ్యాక పాత ఖాతా పుస్తకాలు మూసేవాళ్లు. పుస్తకాలతో పాటు మా నౌకరి కూడా మూసేవాళ్లు. ఒక్కొక్కరం ఆ రోజు వరకు జీతం తీసుకుని, 'నా ఇష్టంతో పని మానుకుంటున్నాను, నాకు రావలసిందేమీ లేదు' అన్న కాగితం మీద దస్కత్ చేసేవాళ్లం. సేటు దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, మిఠాయి డబ్బా చేతిలో పెట్టేవాడు. అయిదో రోజు, పంచమి నాడు, కొత్త పుస్తకం తెరిచి మళ్లీ కొత్తగా చేర్చుకునేవాడు. అది పూజలో భాగమనే అందరం అనుకున్నాం. కాగితాన్ని కళ్లకద్దుకుని దస్కత్ చేసిన వాళ్లున్నారు. నా చేతిరాత బాగుంటుందని, పద్నాలుగు దీపావళులు ఆ కాగితాలన్నీ రాసింది నేనే. లెక్కలు వచ్చని పేరు పడ్డ నాకు, ఈ లెక్క ఎటు పోతున్నదో తట్టలేదు.

మా పక్కింటి తమ్ముడు మెదక్ వైపు క్రైస్తవుడు. అదే రోడ్డు మీద ఒక విదేశీ మందుల కంపెనీలో అటెండరు. అతని జీతం చీటీ మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. జీతం రెండు వందల నలభై. అతను ఫండులో ఎంత కడితే కంపెనీ అంత కట్టేది. జబ్బు చేస్తే ఎన్ని రోజులు సెలవో, పని మానితే చేతికి ఎంత వస్తుందో అన్నీ అచ్చు వేసి ఇచ్చిన చిన్న పుస్తకం కూడా ఉంది. వాళ్లూ ధర్మాత్ములేం కారు. అక్కడ ఊడ్చే మనిషి కంట్రాక్టరు ఖాతాలో ఉండేది, ఆమెకు ఆ పుస్తకంలో ఒక్క లైను లేదు. కానీ ఉన్నవాళ్లకైనా రాసి ఇచ్చారు. మా సేటు నోటితో ఇచ్చేవాడు, "మీరు మా ఇంటి మనుషులు" అని.

డెబ్బై ఐదు ఎండాకాలంలో, మేమంతా కాక అని పిలిచే ప్యాకింగ్ పెద్దాయన పని మానాడు. యాభై ఆరు ఎండాకాలంలో, రాష్ట్రం ఏర్పడిన ఏడాదే చేరినవాడు. మోకాళ్లు అరిగి మోటారు పెట్టెలు లేపలేకపోతున్నాడు. స్టేషను ముందర ఒక పాన్ డబ్బా అమ్మకానికుంది, పదిహేను వందలు. కూర్చుని బతకొచ్చని దాని మీద ఆశ పెట్టుకున్నాడు. కొత్త చట్టం ప్రకారం ఏడాదికి పదిహేను రోజుల జీతం గ్రాట్యుటీ ఇవ్వాలి. అతని జీతం నూట డెబ్బై. సగం ఎనభై ఐదు, పంతొమ్మిదేళ్లకు పదహారు వందల పదిహేను. డబ్బా కొన్నాక కూడా మొదటి సరుకుకు నూట పదిహేను మిగులుతుందని నేనే చెప్పాను.

ఇద్దరం సేటు ముందు నిలబడ్డాం. సేటు నవ్వి, ఇనప్పెట్టెలోంచి ఒక కట్ట తీశాడు.

"ఏ పంతొమ్మిది సాల్? నువ్వు పోయిన పంచమికి చేరినవ్. అయిదేండ్లు నిండితేనే కానూన్."

"గట్లెట్ల సేటూ? నా నెత్తి గీడనే తెల్లబడ్డది," అన్నాడు కాక.

"దస్కత్ నీదే కదా? రాత ఎవరిదో నీ లెక్కల సారును అడుగు."

కాగితాలు నా వైపు తిప్పాడు. పద్నాలుగు నా రాతే. తల వంపులైంది. సేటు రెండు వందల యాభై ఒక్క రూపాయి, ఒక శాలువా బల్ల మీద పెట్టాడు. కాక రెండూ ముట్టుకోలేదు.

మెట్లు దిగుతూ అన్నాడు, "నువ్వు రాసినప్పుడన్నా జర చదువకపోతివి బిడ్డా."

జీతం మీద సేటు ఇచ్చిందెంతని ఆ రాత్రి కోపంతో ఇంకో లెక్క వేశాను. పంతొమ్మిది దీపావళుల మిఠాయి, బట్ట కలిపి ఏడాదికి ఇరవై ఒకటి చొప్పున మూడు వందల తొంభై తొమ్మిది. కాక ఇంట్లో రెండు పెళ్లిళ్లకు చదివింపులు నూట రెండు. మొత్తం ఐదు వందల ఒకటి. ఇంటి మనిషి ఖరీదు అంతే! రావలసిన దాంట్లో మూడో వంతు కూడా కాదు.

మర్నాడు కాకే దారి చూపాడు, తనకు తెలియకుండానే. "పండుగ నాలుగు రోజులు నౌకరి లేకుంటే, నేను స్టేషన్ల ఎందుకు సచ్చిన?" అన్నాడు. నిజమే. దుకాణం మూసినా రైల్లో సరుకు వచ్చేది. విడిపించకపోతే రైల్వే రోజుకింత డెమరేజి వేస్తుంది. ఆ నాలుగు రూపాయలు కట్టలేక, పని మానిన కాకనే సేటు ఏటా ఆ రోజుల్లో పార్సిలు ఆఫీసుకు పంపేవాడు. అక్కడి రిజిస్టరులో తేదీ పక్కన కాక ఉర్దూ దస్కత్ ఉండాలి. ఉంటే ఆ ఏడు నౌకరి తెగలేదన్నమాటే.

పార్సిలు గుమాస్తా మొదట కసిరాడు. "ఏంది కాకా, సరుకు లేకుంట దస్కత్ చూస్తనంటవ్?" కాక ముఖం చూసి రిజిస్టర్లు దింపాడు. ఏడేళ్లవే ఉన్నాయి, అంతకు ముందువి చిత్తు కాగితాల కింద పోయాయి. ఏడింటిలోనూ దస్కత్ ఉంది. లేబరు ఆఫీసులో అర్జీ పెడితే, ఆఫీసరు వాటిని తెప్పించుకుని చూసి, "ఏడేళ్లకు రుజువుంది," అన్నాడు.

"ఎనిమిది సార్," అన్నాను. "తెగిన తాడుకు ఏడు ముళ్లేస్తే ఎనిమిది ముక్కలు కలుస్తాయి. ఆఖరి ముక్క చిన్నదే కానీ ఆరు నెలలు దాటింది, ఏడాది కిందే లెక్క."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి ఎనిమిదే రాశాడు. ఆరు వందల ఎనభై. సేటు కట్టక తప్పలేదు. మిగిలిన పదకొండేళ్లు, తొమ్మిది వందల ముప్పై ఐదు రూపాయలు, సగానికి పైగా నా చేతిరాతే ఉన్న ఆ కాగితాల కింద పోయాయి. కాక ఆ రోజులన్నీ మోసిన పెట్టెలు ఏ చట్టంలోనూ లెక్కకు రాలేదు.

ఆ దీపావళికి నేను కాగితాలు రాయనన్నాను. సేటు బతిమాలలేదు. అచ్చు వేయించుకొచ్చాడు, పేరు నింపుకుంటే చాలు. నేను తప్ప మిగిలిన పదహారు మంది దస్కత్ చేశారు. పంచమికి నన్ను తీసుకోలేదు.

పాన్ డబ్బా వేరేవాళ్లు కొనుక్కున్నారు. కాక ఆరు వందల ఎనభైలోంచి ఒక తోపుడు బండి కొన్నాడు. స్టేషనులో పార్సిళ్లు ఎత్తుకుని బేగం బజారు దుకాణాలకు చేరవేసేవాడు. కూర్చుని బతుకుదామనుకున్న మనిషి, అరవై ఏళ్లకు, అరిగిన మోకాళ్లతో. ఒకనాడు అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సుల మధ్య ఆగిపోయి కనబడితే వెనక నుంచి చెయ్యి వేశాను. తోస్తూనే, సేటు ఎగ్గొట్టిన తొమ్మిది వందల ముప్పై ఐదుకు ఇప్పటికి వడ్డీ ఎంతయిందో చెప్పబోయాను.

"లెక్కలు బంద్ జేసి జర గట్టిగ తొయ్యి," అన్నాడు కాక. "వెనక బస్సోడు తిడుతున్నడు."