ఒక్క రింగు

ఆ రోజుల్లో మా పులికాటు పల్లెల్లో ఫోను కొనుక్కునేది మాట్లాడటానికి కాదు, మోగించి కట్ చేయడానికి. మా నాయన పడవ ఒడ్డుకు మళ్లిందంటే ఒక్క రింగు. అమ్మ ఎసరు పెట్టాలి. రెండు రింగులైతే చేపలు బాగా పడినట్టు. బుట్టలు తీసుకుని అర్జెంటుగా రేవుకు పోవాలి. పొరపాటున ఎవరైనా ఎత్తితే డబ్బులు పోయాయని ఇంటికొచ్చి మరీ అరిచేవాడు (మాట్లాడే పిచ్చి నాకే కాబట్టి ఆ తిట్లూ నాకే).

నేను ఇంటర్ చదివేటప్పుడు, కాన్పుకొచ్చిన అక్కకు ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నొప్పులు మొదలయ్యాయి. నెలలింకా నిండలేదు. అమ్మ కంగారుగా "108కి చెయ్యయ్యా!" అని కేకేసింది. నాయన ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్లి, వచ్చి గడప మీద కూర్చున్నాడు. అక్క మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. బండి జాడ లేదు.

"ఏమన్నారు నాయనా?"

"ఇంకా ఏమన్లేదు పాపా. అర్జెంటని రెండు రింగులిచ్చినా. వాళ్లే చేస్తార్లే."

ఫోను లాక్కున్నాను. అవతల ఒకావిడ ఊరు, మండలం, దగ్గర్లో గుర్తు ఏంటని నిదానంగా అడిగింది. దొరవారిసత్రం మండలమనీ, మా ఊరి బడి పక్క సందనీ చెప్పాను. అక్కను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టమంది. పక్కనుంచి నాయన "చెప్పినావు గదా, పెట్టెయ్ మే!" అని ఒకటే గొణుగుడు. అది విని ఆవిడ, "ఇది ఫ్రీ అని చెప్పమ్మా మీ నాయనకు. డ్రైవర్ దారి కోసం చేస్తాడు, తప్పకుండా ఎత్తండి," అంది.

డ్రైవర్ చేశాడు. నాయన ఎత్తాడు! తన జన్మలో మొదటిసారి తొలి రింగుకే ఎత్తి, దారి అరిచి చెబుతూ చొక్కా కూడా లేకుండా రోడ్డు దాకా పరిగెత్తాడు. ఆస్పత్రిలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

ఫ్రీ అన్నారు కదా, నాయన మళ్లీ 108కే చేసి, "ఆడబిడ్డ తల్లీ! నువ్వు అన్నం తిన్నావా?" అన్నాడు. ఎవరో వేరే ఆవిడ నవ్వి, సంతోషమే గానీ ప్రాణం మీదికొచ్చిన వాళ్లకు లైను ఖాళీగా ఉండాలి పెద్దాయనా అందట. ఆనాటి నుంచి రేవులో అందరికీ ఆయనే పంతులు: "ఊరికే చెయ్యబాకండి. చేస్తే మాత్రం మధ్యలో కట్ చెయ్యబాకండి."

నాయన పోయాడు. ఇప్పుడు మా ఇంట్లో ఫోన్లన్నీ గంటలు గంటలు మాట్లాడతాయి. అయినా ఒక్క రింగుతో ఆగేది ఏదీ లేదని సాయంత్రాలు నాకు బెంగగా ఉంటుంది. ఎప్పుడన్నా ఏదో కంపెనీ నంబరు ఒక్కసారి మోగి ఆగిపోతుంది. అది నాయన కాదని తెలుసు. తెలిసీ లేచి వెళ్లి ఎసరు పెడతాను, నా పిచ్చికి నేనే నవ్వుకుంటూ.