చార్ అయింది, చారు పొయ్యి

ఇయ్యాల పొద్దుగాల గచ్చిబౌలి ఆఫీసుల జపాన్ వాళ్లతోని కాల్ అయిపోయినంక, అక్కడి మేనేజర్ చాట్‌ల "39" అని పెట్టిండు. మా సాఫ్ట్‌వేర్‌ల ఇంకా ముప్పై తొమ్మిది బగ్గులు దొరికినయేమో అనుకున్న. అడిగితే చెప్పిండు: వాళ్ల భాషల మూడంటే సాన్, తొమ్మిదంటే క్యూ. కలిపి అంటే ఇంగ్లీషు థాంక్యూ లెక్క ఇనిపిస్తదట. అందరం అలిసిపోయి ఉన్నం, ఎవరం నవ్వలె. నాకు మాత్రం మా నాయన యాదికొచ్చిండు.

హఫీజ్‌పేట్ దోస్తులారా, మా రేకుల ఇల్లు యాదుందా? కిరోసిన్ స్టవ్వు వాసన, చింతపండు పిసికిన సత్తు గిన్నె, గోడ గడియారం. నాయన ఫ్యాక్టరీ డ్యూటీ దిగొచ్చి కంచం ముంగట కూసునేటోడు. ఉర్దూల నాలుగంటే చార్ గదా. గడియారం దిక్కు చూసి, "చార్ అయింది, ఇగ చారు పొయ్యి" అనేటోడు. ఎన్నేండ్లైనా గదే జోకు. అమ్మ నవ్వకపోయేది. మాకైతే ఇసుగొచ్చేది.

ఇయ్యాల నాలుగింటికి నల్లగండ్లల మా ఫ్లాట్‌కు చేరిన. నా భార్య కూడ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. బ్యాగు భుజానికి ఉండంగనే ఫ్రిజ్ తెరిచి, "కూరకేం లేదు..." అని ఆగింది.

"చార్ అయింది గదా, చారు చాలు," అన్న.

ఆమె నవ్వలె. బ్యాగు మాత్రం కింద పెట్టింది.

కూర ఉన్ననాడు నాయన ఆ జోకు ఎయ్యకపోయేటోడని నాకు అప్పుడు తట్టింది.