ఆదివారం మసకబారిన చుక్క

మొన్న ఆదివారం సాయంత్రం మటన్ కుక్కర్ రెండో విజిల్ వేస్తుండగా ఫోన్ మోగింది. కాకినాడ నుంచి బావగారు. ఆయన నాకు సొంత బావేమీ కాదు. గోదావరిఖనిలో పదేళ్ళకు పైగా మా పక్క క్వార్టర్‌లో ఉన్న ఇంజనీరు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి ఆయన బావగారయ్యారు. "మీ అక్క వెళ్ళిపోయిందమ్మా, నిన్న పొద్దున" అన్నారు. వెంటనే ఫోన్ పెట్టేశారు. నేను స్టవ్ ఆపేసి, కూర అట్లాగే వదిలేసి డాబా మీదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆదివారం పూట పొయ్యి ఆర్పి ఆకాశం వంక చూడటం మా క్వార్టర్ల లైనులో ఒకే ఒక్కసారి జరిగింది, అదీ ఆమె కోసమే.

పొయ్యి సంగతి చెప్పాలంటే ముందు మా అత్తమ్మ గురించి చెప్పాలి. మామ ఊళ్ళో ఎడ్లమ్ముకుని బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, చేరినప్పటి నుంచి ఆమె బొగ్గు మీదే వండింది. మామ పోయాక, నా భర్త అదే బాయిలో పని చేయించే ఓవర్‌మన్ అయ్యాక, ఇంట్లోకి గ్యాసు వచ్చాక కూడా ఆమె సిలిండర్‌ను నమ్మలేదు. కార్మికులకిచ్చే బొగ్గు పెరట్లో కుప్పగా ఉండేది. వారమంతా నేను బడికి పోయి పిల్లలకు సైన్సు చెప్పి వస్తానని దయతలచి గ్యాసు వాడుకోనిచ్చేది. ఆదివారం మటన్ మాత్రం ఆమె రాజ్యం. "గ్యాసు మీద మాంసం ఉడుకుతది గని కూర గాదు బిడ్డా" అనేది. ఆ కూర తిన్నవాళ్ళెవరూ ఆమెతో వాదించలేదు.

పెద్ద క్వార్టర్లు ఖాళీ లేక ఇంజనీరుగారికి మా లైను చివర, మా పక్కదే ఇచ్చారు. అక్క ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. పరిశోధనకు సీటు వచ్చిన నెలలోనే పెళ్ళి సంబంధమూ వచ్చింది. రెండింట్లో ఇంట్లోవాళ్ళకు ఏది ముద్దొచ్చిందో చెప్పనక్కర్లేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తేది కాదు. పాతికేళ్ళు గడిచాక, ఒక పెళ్ళిరోజుకు బావగారు నగ బదులు టెలిస్కోపు కొనిచ్చారు. ఆ రోజు ఆమె ముఖం నేను చూశాను. ఏ నగకూ అట్లా వెలగడం చూడలేదు.

దూరపు సూర్యుళ్ళ చుట్టూ తిరిగే పెద్ద పెద్ద గ్రహాలను పట్టుకోవాలని ఆమె పట్టు. అంత దూరంలో గ్రహం కనిపించదు. అది తన చుక్కకు అడ్డంగా వెళ్ళినప్పుడు చుక్క వెలుతురు రవ్వంత తగ్గుతుంది, గంటో రెండు గంటలో అయ్యాక మళ్ళీ మామూలవుతుంది. ఎంత తగ్గిందో చూస్తే గ్రహం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎన్నాళ్ళకోసారి తగ్గుతుందో చూస్తే దాని ఏడాది ఎంతో తెలుస్తుంది. టెలిస్కోపుకు కెమెరా బిగించి, తను ఎంచుకున్న చుక్కను మరో చుక్కతో పోలుస్తూ, ఆ వెలుతురును కంప్యూటర్ తెర మీద గీతగా గీయించేది. మబ్బు లేని ప్రతి సాయంత్రం అదే పని. "కనవడని దానికి కావలి గాసుడేందో" అని మా అత్తమ్మ నవ్వేది.

ఒక ఏడాది దసరా వెళ్ళాక ఆ గీత కిందికి వంగింది. సరిగ్గా వారానికి మళ్ళీ వంగింది. ఆ పై వారం మళ్ళీ. అక్క మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుంది. "ఏడు రోజుల ఏడాది. ఎవరూ చూసినట్టు లేదమ్మా. వచ్చే వారం కూడా వస్తే మా ప్రొఫెసరుగారికి రాస్తాను" అంది. పరిశోధన వదులుకున్నాక పాతికేళ్ళుగా ఆయనకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదని నాకు తెలుసు.

ఆ పై వారం నన్నూ మా అత్తమ్మనూ తన డాబా మీదికి పిలిచింది. గీత తిన్నగా సాగుతోంది. అత్తమ్మ కాసేపు చూసి, "ఉండుండ్రి, పొయ్యి మీద కూర ఉన్నది, జర రెండు బొగ్గులేసి వస్త" అని దిగింది. కాసేపటికి గీత వంగింది. అక్క తెర దగ్గరికి జరిగింది. అప్పుడే నాకు దగ్గు వచ్చింది. పిట్టగోడ మీంచి తొంగి చూస్తే, మా పెరట్లోంచి పొగ నిలువునా లేచి పడమటి వైపు పరుచుకుంటోంది. ఆమె చుక్క సరిగ్గా ఆ వైపే దిగుతోంది. పోలికకు పెట్టుకున్న రెండో చుక్క ఇంకా పైన ఉంది, పొగ దాని దాకా పోలేదు. ప్రతి ఆదివారం వెలుతురుకు అడ్డం వచ్చింది గ్రహం కాదు, మా అత్తమ్మ.

అక్క నవ్వలేదు. తెర మూసేసి గోడకు ఆనుకుని కూర్చుంది. అత్తమ్మ గిన్నెలో కూర తీసుకుని పైకి వచ్చి, సంగతి విని, ఆ గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది. "నా పొయ్యి నీ చుక్కను మింగిందా బిడ్డా" అంది. "మీ తప్పేం లేదు పిన్నిగారూ. ఆదివారం సెలవు చూసుకుని ఏ గ్రహమూ తిరగదని నాకే తట్టాల్సింది" అంది అక్క. ఆ తర్వాత చాలా నెలలు టెలిస్కోపు మీద దుప్పటి కప్పే ఉంది.

ఈలోగా రాష్ట్రం కావాలన్న ఉద్యమం మా లైనులోకీ వచ్చింది. మా ఇల్లంతా అందులోనే ఉంది. నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టిననాడు నేనూ ఉల్లిగడ్డలు కోశాను. ఆంధ్ర నుంచి వచ్చిన అక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ నల్లా దగ్గరికి ఆమె నీళ్ళకు వస్తే మాటలు ఆగిపోయేవి. ఆమెకు అర్థం కావడానికి అది చాలు. బావగారి రిటైర్మెంటు దగ్గరపడింది. ఇక్కడే ఇల్లు కట్టుకుంటామన్నవాళ్ళు ఆ మాట ఎత్తడం మానేశారు. అంతలో ఉద్యమం కోసమే పెద్ద సమ్మె వచ్చింది. బాయిలు ఆగాయి, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో పేలుళ్ళు ఆగాయి, దుమ్ము అణిగింది. మా ఊరి మీద అన్ని చుక్కలున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ఒకనాడు అక్క మా గడపలో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది. "కొత్తది కనిపెట్టే ఆశ లేదమ్మా. ఎవరో ఎప్పుడో పట్టుకున్న గ్రహం ఒకటుంది, మన గురుగ్రహమంత పెద్దది. ఈ ఆదివారం చీకటి పడగానే తన చుక్క ముందు నుంచి దాటుతుంది. ఒక్కసారి నా చేత్తో కొలుచుకుని వెళ్ళిపోతాను. వచ్చే నెల మేముండం." ఆదివారం అన్న మాట వినగానే లోపల బియ్యం ఏరుతున్న అత్తమ్మ తలెత్తింది.

మర్నాడు అత్తమ్మ లైనులో ప్రతి ఇంటికీ వెళ్ళింది. నేను వెంట ఉన్నాను. ఆదివారం పొద్దుండగానే వంట చేసుకుని పొయ్యిలు ఆర్పాలని ఆమె అడిగింది. జీతాల్లేని నెల, మటన్ ఊసే లేదు, అయినా పప్పుకైనా పొయ్యి వెలగాలి కదా. నల్లా పక్కింటి కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఆంధ్రోళ్ళ చుక్క కోసం మేం సల్లన్నం తినాల్నా పెద్దమ్మా" అంది. మా అత్తమ్మ గొంతు పెంచలేదు. "చుక్క ఎవలదో నాకెర్క లేదు. పొగ మాత్రం మనదే. ఆమె పోతాంది. పోయే మనిషి ఒక్కటే కోరింది" అంది. ఆ కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం చీకటి పడింది. డాబా మీంచి చూస్తే మా లైను పొడుగునా ఒక్క పెరట్లోనూ పొగ లేదు. ఆ కోడలి పెరట్లో కూడా లేదు. అక్క ఈసారి తన చుక్కకు అటూ ఇటూ, కిందా పైనా ఉన్న చుక్కలన్నిటినీ పోలికకు పెట్టింది. వాటి గీతలేవీ కదల్లేదు. ఆమె చుక్క గీత ఒక్కటే మెల్లగా కిందికి దిగింది. "వచ్చిందా బిడ్డా" అని అత్తమ్మ గుసగుసగా అడిగింది. "వచ్చింది పిన్నిగారూ." "ఎంత తగ్గింది?" "నూటికి రెండు పాళ్ళు." అత్తమ్మ తెర మీది గీతను వేలితో కొలిచింది. "గంత పెద్దది అడ్డమొస్తే గింతేనా? రెండు పాళ్ళకు లైనుకు లైను పొయ్యిలార్పిస్తివి గదనే" అని నవ్వింది. అక్క కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. గీత మళ్ళీ లేచి పాత చోటికి చేరేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. కింద చీకట్లోంచి నల్లా పక్కింటి కోడలి గొంతు వినిపించింది. "అక్కా, అయిపాయెనా? పాలకు పొయ్యి ముట్టియ్యాల్నా?" ఆమె అక్కను అక్కా అని పిలవడం అదే మొదటిసారి. "ముట్టించు తల్లీ" అంది అక్క.

ఆ పై నెల లారీ వచ్చింది, వాళ్ళు వెళ్ళిపోయారు. రాష్ట్రం వచ్చిన రోజు అక్క ఫోన్ చేసి, "మీ ఊరి ఆకాశం ఎట్లా ఉంది?" అని అడిగింది. టపాకాయల పొగతో నిండి ఉందని చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. అత్తమ్మ పోయి కూడా నాలుగేళ్ళవుతోంది. మొన్న డాబా మీద నిలబడితే పడమటి చుక్కలన్నీ శుభ్రంగా కనిపించాయి. ఇప్పుడు మా వీధిలో బొగ్గు పొయ్యి ఒక్కటీ లేదు. కింద అందరూ మామూలుగానే ఉన్నారు, టీవీ మోగుతోంది. అక్క పోతే ఈ ఊళ్ళో తగ్గిన వెలుతురు నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదేమో, కొలిచే మనిషి ఉంటే తప్ప తెలియదు. గ్రహం దాటిపోతే చుక్క తన వెలుతురు తను తెచ్చుకుంటుంది. మనుషులు దాటిపోయాక ఆ గీత పాత చోటికి రాదు, కాలం మనల్ని ఆ తగ్గిన వెలుతురులోనే వండుకు తినడానికి అలవాటు చేస్తుంది.